హాల్లో నవ్వని ఒక్క మనిషి

ఆ ఊళ్లో నోటిదూల అంటే తెలియనివాడు లేడు. అతని అసలు పేరు కన్నతల్లి కూడా మర్చిపోయిందని చెప్పుకునేవారు. స్టేజీ మీద ఒక్కడే నిలబడి, చేతిలో మైకు తప్ప మరో ఆయుధం లేకుండా, మంత్రిగారి నుంచి మామగారి దాకా అందర్నీ రెండు గంటలపాటు ఉతికి ఆరేసేవాడు. అలాంటివాడు యాభై దాటకుండానే గుండె ఆగి పోయాడన్న కబురు వచ్చినప్పుడు సగం ఊరు ముందు నవ్వింది. ఇది కూడా జోకే అనుకున్నారు. ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన కాగితాన్ని కొందరు వెనక్కి తిప్పి కూడా చూశారట, అసలు ముక్క వెనకాల రాసి ఉంటుందేమోనని.

కబురు వినగానే నమ్మిన మనిషి ఒకామె ఉంది. నమ్మి, "సరే" అంది. అని, తోముతున్న గిన్నె తోమడం పూర్తిచేసింది.

ఆమె టౌన్‌హాల్లో డోర్‌కీపరు. ఇరవయ్యేళ్ల ఉద్యోగం. తలుపు దగ్గర టికెట్ చించి సగం ముక్క చేతిలో పెట్టడం, దీపాలు ఆరిపోయాక వచ్చినవాళ్లకు టార్చి పట్టి సీటు చూపించడం ఆమె పని. ఆ హాలు ఆమె కళ్లకంటే పాదాలకు బాగా తెలుసు. ఎనిమిదో వరస దగ్గర మెట్టు వేలెడు ఎత్తు ఎక్కువ, పదమూడో వరసలో మూడో కుర్చీ కూర్చుంటే కిర్రుమంటుంది. టార్చి వెలుగు మెట్టు మీద పడాలి తప్ప మనిషి ముఖం మీద పడకూడదు. ముఖం మీద లైటు వేసేది పోలీసులు, మనం కాదు అని కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేది. షో అయ్యాక సీట్ల కింద దొరికే గొడుగులు, కళ్లజోళ్లు, ఒంటికాలి చెప్పులు అన్నీ ఆమె బీరువాలోకే చేరేవి. నోటిదూల షోలో నవ్వి నవ్వి ఒక పెద్దమనిషి కట్టుడుపళ్లు ఊడి పదో వరసలో పడితే, మర్నాడు ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి సైగలతో వర్ణించి తీసుకుపోయాడు. అప్పుడు కూడా ఆమె నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది.

ఆ హాలు తలుపు మీద ఒక బోర్డు ఉంది. ప్రదర్శన మొదలైన పది నిమిషాల తర్వాత ఎవరినీ లోపలికి పంపరు అని. నోటిదూలకు ఆ బోర్డంటే పడదు. హాలు బుక్ చేసే ఫారంలో "ప్రత్యేక కోరికలు" అనే గడి ఒకటి ఉంటుంది. ప్రతిసారీ అందులో తన చేత్తో రాసేవాడు: "ఆలస్యంగా వచ్చేవాళ్లను ఇద్దరిద్దరుగా లోపలికి పంపాలి." వాళ్లు టార్చి వెలుగులో తడుముకుంటూ వస్తుంటే మధ్యలో ఆపి తిట్టేవాడు. తిట్లంటే మామూలు తిట్లు కావు. ఒక పళ్లడాక్టరును "అద్దెకిచ్చిన గాడిద" అంటే ఆయన దాన్ని ఫ్రేము కట్టించి క్లినిక్‌లో పెట్టుకున్నాడు. ఇంకొకడు తనకు పడ్డ తిట్టును చొక్కా మీద అచ్చు వేయించుకుని పెళ్లిచూపులకు వెళ్లాడు. పోనుపోను అతనిచేత తిట్టించుకోవడం బిరుదులాంటిదైపోయింది. అభిమానులు కావాలని ఆలస్యంగా వచ్చేవాళ్లు. పెళ్లాంపిల్లలతో సహా టీకొట్టు వెనక నక్కి, షో మొదలయ్యేదాకా కాచుకుని, అప్పుడు ఒగర్చుకుంటూ పరిగెత్తుకొచ్చేవాళ్లు.

ఇందులో ఆమెకు బాధ లేదు. తిట్టేవాడికీ తిట్టించుకునేవాడికీ లేని బాధ తలుపు దగ్గర మనిషికెందుకు? బాధ పదకొండేళ్ల కిందట మొదలైంది. షోకి ముందు నోటిదూల తలుపు దగ్గరకొచ్చి నిలబడి, టీ తాగుతూ ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీవారు ఏం చేస్తారండీ?"

"వెళ్లిపోయారు" అంది ఆమె. అంత మెత్తగా ఎవరూ అడిగి చాలా కాలమైంది. అందుకే నోరు జారింది.

"అయ్యో" అన్నాడతను. అని, టీ గ్లాసు ఆమె చేతికిచ్చి స్టేజీ ఎక్కాడు.

పావుగంట తిరక్కుండానే ఆ మాట మైకులోంచి వచ్చింది.

"మన టార్చత్త మొగుడు ఒకరోజు ఇంటికి ఆలస్యంగా వచ్చాడండీ. చిమ్మచీకటి. తలుపు తీసింది, ముఖం మీద టార్చి కొట్టింది. టికెట్ ఏదీ? అంది. ఇది నా ఇల్లేనే అన్నాడు పాపం. షో మొదలైపోయింది, ఇంటర్వెల్ దాకా బయట నిలబడు అంది. ఆ నిలబడ్డవాడు ఇంకా నిలబడే ఉన్నాడండీ! తొమ్మిదేళ్లయింది! ఎవరికైనా కనిపిస్తే కాస్త చెప్పండి..."

ఏం చెప్పాలో రెండో షో నుంచి హాలే నేర్చుకుంది. నాలుగు వందల గొంతులు ఒక్కసారి లేచేవి: "ఇంటర్వెల్ అయిపోయింది మామా, లోపలికి రా!"

ఏడాదికొకసారి లెక్క మార్చేవాడు. పదేళ్లయింది, పదిహేనేళ్లయింది, ఇరవయ్యేళ్లయింది. జోకు మాత్రం అదే. హాల్లోంచి వీధిలోకి, వీధిలోంచి బస్సుల్లోకి పాకింది. కూరలమ్మేవాడు తూకం వేస్తూ "ఇంటర్వెల్ అయిందా అత్తా?" అనేవాడు. బ్యాంకులో గుమాస్తా అద్దం వెనకనుంచి పెన్నును టార్చిలా పట్టి చూపించేవాడు. కూతురు తల్లితో కలిసి బయటికెళ్లడం మానేసింది. చదువైపోగానే వేరే ఊళ్లో ఉద్యోగం వెతుక్కుంది. తల్లి ఏం చేస్తుందని అడిగితే, ఆఫీసులో పని అని చెబుతుందట.

ఆమె ఒకసారి మేనేజరు దగ్గరకెళ్లి మొరపెట్టుకుంది. ఆయన ఫైలులోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "పేరొస్తుంటే ఏడుస్తావేంటమ్మా? నన్ను ఒక్కసారైనా తిట్టమని ఎన్నిసార్లు అడిగానో తెలుసా? తిట్టలేదు!"

అందుకే, నోటిదూల పోయాడని తెలిసినప్పుడు ఆమె "సరే" అంది. మనిషితోపాటు జోకు కూడా పోతుందనుకుంది.

పోలేదు. పన్నెండో రోజున అభిమాన సంఘం ప్రెసిడెంటు కార్యక్రమ పత్రం పట్టుకుని హాలుకొచ్చాడు. ఆయనకు కళ్లజోళ్ల షాపు ఉంది. తనకే చూపు సరిగా ఆనదని ఊళ్లో అంటారు. ఆ కాగితంలో చివరి అంశాన్ని ఆమె రెండుసార్లు చదివింది. "టార్చత్త జోకు. నాలుగు వందలమంది ఒకే గొంతుతో. ఫోన్ లైట్లు వెలిగించి. వీడియో తీసి లోకమంతా పంపబడును."

"ఇది తీసేయండి" అంది.

"అదేంటత్తా! అదే మెయిన్ అయిటమ్. నిన్ను స్టేజీ మీద మధ్యలో నిలబెడతాం. శాలువా కూడా కప్పుతాం."

"నాకు శాలువా వద్దు. ఆ జోకు వద్దు. మిగతావి ఎన్నయినా చెప్పుకోండి, వెయ్యి చెప్పుకోండి. అదొక్కటి వదిలేయండి."

"అన్న ఆత్మ శాంతించాలా వద్దా?"

"ఆయన బతికున్నప్పుడు నా శాంతి అడిగాడా?"

ప్రెసిడెంటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అబ్బ, ఏం టైమింగత్తా! అన్న దగ్గర్నుంచే అబ్బింది నీకు" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆమె అక్కడే నిలబడి, అతను నింపి ఇచ్చిపోయిన ఫారం చదివింది. తేదీ, ఆదివారం. ప్రారంభం, సాయంత్రం ఆరు. ముగింపు, ఏడు. కుర్చీలు, నాలుగు వందలు. "ప్రత్యేక కోరికలు" గడి ఖాళీ. ఆలస్యంగా వచ్చేవాళ్లను పంపించడం సూర్యోదయంలాంటిది, దానంతటదే జరుగుతుందని ప్రెసిడెంటు అనుకున్నాడు. దానికోసం ఒక మనిషి ప్రతిసారీ పెన్ను పట్టుకుని రాసేవాడని అతనికి తెలియదు. ఆమె ఫారం మడిచి ఫైలులో పెట్టింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆదివారం సాయంత్రం ఆరింటికి కార్యక్రమం మొదలని మూడో బెల్లు మోగింది. స్టేజీ మీద నోటిదూల ఫొటో మీద లైటు పడింది. నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్న ఫొటో అది. మైకాయన "ప్రారంభం" అని రాసున్న పాటేదో పెట్టి తన గదిలోకి పోయాడు. నాలుగు వందల కుర్చీల్లో కూర్చున్నది ఒక్కరే. మొదటి వరసలో, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, నోటిదూల భార్య. ఆవిడ ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తుంది. ఏ పనికైనా టైముకు వచ్చే మనిషి.

మిగతావాళ్లంతా ఏమయ్యారంటే, బయటే ఉన్నారు. అన్న సంస్మరణకు టైముకు వెళ్తే అన్నను అవమానించినట్టేనని ఎవరికివారు విడిగా నిర్ణయించుకున్నారు. ముందు వేరేవాళ్లు నిండనీ, మనం తర్వాత పరిగెత్తుదాం అని నాలుగు వందలమందీ టీకొట్టు వెనకా, బస్టాపులోనూ, ఆగి ఉన్న లారీల చాటునా నక్కారు. ఆలస్యం కావడానికి వచ్చినవాళ్లతో వీధి ఎంత కిక్కిరిసిందంటే, నిజంగా ఆలస్యంగా వచ్చినవాళ్లకు దాక్కోవడానికి చోటు లేకపోయింది.

ఆరూ పదికి ఆమె తలుపు మూసి గడియ పెట్టింది.

ఆరూ పద్నాలుగుకి ప్రెసిడెంటు ఒగర్చుకుంటూ వచ్చి తలుపు తోశాడు. మళ్లీ తోశాడు. తలుపులోని గుండ్రటి అద్దంలోంచి ఆమె ముఖం కనిపించింది.

"అత్తా! తలుపు!"

ఆమె వేలితో బోర్డు చూపించింది.

"మాకు అలవాటేగా అది! తియ్యి!"

"ఫారంలో రాశారా?"

"ఏం ఫారం?"

"రాయలేదు. పది నిమిషాలు దాటింది. రూలు."

"నాలుగు వందలమందిమి అత్తా! హాలు మేమే బుక్ చేశాం!"

"ఆరింటికి బుక్ చేశారు. ఆరింటికి నేనున్నాను. మీరేరీ?"

వెనకనుంచి జనం తోసుకొచ్చారు. ఆమె అద్దం దగ్గర్నుంచి పక్కకు జరిగింది. పదకొండేళ్లలో మొదటిసారి వీపు తలుపుకు ఆనించి నిలబడింది. నిలబడి ఎంతోసేపు కాలేదు, మొదటి వరసలోంచి గొంతు వచ్చింది.

"వాళ్లను ఎందుకు ఆపారు?"

"రూలు మేడం."

"రూలు కాదు. కక్ష."

ఆమె కాదనలేదు. "కక్షే. ఉండకూడదా?"

నోటిదూల భార్య లేచి వచ్చింది. ఏడ్చిన ముఖం కాదు, నిద్రలేని ముఖం. "పదకొండేళ్లు ఊరుకుని, మనిషి పోయాక తలుపేసుకుంటే సరిపోతుందా? ప్రతి షో అయ్యాక ఇంటికొచ్చి మొదట ఏం అడిగేవాడో తెలుసా? అన్నం కాదు, నీళ్లు కాదు. 'ఇవాళ గేటావిడ నవ్విందా?' అని అడిగేవాడు, అక్కడ నేనేదో చూసొచ్చినట్టు. హాలంతా నవ్వేది, మీరొక్కరు నవ్వేవారు కాదు. అది ఆయనకు అన్నంలో రాయిలా ఉండేది. గొంతు మార్చి చెప్పేవాడు, నడక మార్చి చెప్పేవాడు. మీరు ఒక్కసారి నవ్వి ఉంటే ఆ జోకు మానేసేవాడు."

"నా చేత నన్ను చూసి నవ్వించాలనా?"

"నవ్వించడమే ఆయనకు తెలిసిన పని."

"ఒక్కసారి, అమ్మా ఇది చెప్పొచ్చా అని అడిగి ఉంటే నోటితో చెప్పేదాన్ని. నవ్వు దాకా ఎందుకు?"

"ఆయన పోయాడు. నాతో పోట్లాడతారా?"

"మీరే మొదలెట్టారు మేడం."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు మింగేసేలా చూసుకున్నారు. అప్పుడే బయట ఒక చప్పుడు పుట్టింది. ఆమె బూతులు వస్తాయనుకుంది. తలుపు విరగ్గొడతారనుకుంది. వచ్చింది నవ్వు. ముందు ఒకడు, తర్వాత పదిమంది, తర్వాత వీధి వీధంతా.

"ఒరేయ్! అన్న ప్లాన్‌రా ఇది! చచ్చి కూడా మనల్ని బయట నిలబెట్టాడ్రా!"

"టార్చత్తకు ముందే చెప్పిపోయాడ్రోయ్!"

"మనమే మామలం ఇప్పుడు! నాలుగు వందలమంది మామలం!"

పళ్లడాక్టరు ఏడుస్తూ నవ్వుతూ పక్కవాణ్ని కౌగిలించుకున్నాడు. ప్రెసిడెంటు మెట్టెక్కి చెయ్యి ఊపాడు. నాలుగు వందల ఫోన్లు వెలిగాయి. బస్సులు ఆగాయి. మేడల మీంచి జనం తొంగిచూశారు. హాల్లో నాలుగు గోడల మధ్య జరగాల్సింది నడివీధిలో మొదలైంది: "ఇంటర్వెల్ అయిపోయింది అత్తా, లోపలికి రానీ! ఇంటర్వెల్ అయిపోయింది అత్తా..."

తను వేసిన దెబ్బను కూడా వాళ్లు దండ చేసి ఆ ఫొటోకు వేశారు.

"చూశారా?" అంది నోటిదూల భార్య. గొంతులో గెలుపు లేదు, జాలి కూడా లేదు. "ఆ మందకు తలుపులు అడ్డం కావు. చెప్పదలుచుకున్నది ఉంటే నోటితో చెప్పండి. లేకపోతే తలుపు తీసి పక్కకు తప్పుకోండి. నేను ఇంటికెళ్లాలి."

ఆమె గడియ తీసింది.

తలుపు తెరుచుకోగానే వీధి హోరెత్తింది. ప్రెసిడెంటు చేతులు చాచాడు. "వచ్చింది! మన అత్త వచ్చింది! చెప్పత్తా, ఈసారి నువ్వే చెప్పు!"

"చెప్తాను" అంది ఆమె. "వీడియో తీస్తున్నారుగా? తీయండి. సరిగ్గా వినండి."

ఈలలు. చప్పట్లు. ఫోన్లు ఇంకాస్త దగ్గరికొచ్చాయి.

"మా ఆయన రాత్రి రాలేదు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లాడు."

పకపకా నవ్వారు. మంగళవారం అన్నమాటే గొప్ప జోకులా వినిపించింది.

"లిఫ్టులు బాగుచేసేవాడు. ఇంట్లో లిఫ్టు లేదు. అయినా పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్లాడు."

మళ్లీ నవ్వు. ఎవడో "పైకి పోవడానికి!" అని కేక వేశాడు.

"పాపకు ఆరేళ్లు. మూడు రోజులుగా జ్వరం. మందు తెస్తానన్నాడు. డాక్టరు రాసిన చీటీ ఆయన జేబులోనే ఉంది. నాలుగింటిదాకా చూశాను. అయిదింటికి పాపను భుజాన వేసుకుని మందుల షాపుకెళ్లాను. చీటీ లేకపోతే ఇవ్వనన్నాడు."

వెనక వరసల్లో కొందరు ఇంకా నవ్వుతున్నారు. ముందువాళ్లు ఆపేశారు. నవ్వాల్సిన చోటు ఎక్కడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు.

"చీకటి లేదు. టార్చి కూడా లేదు. అప్పటికి నేను ఈ హాల్లో లేను. ఆయన పోయాక, మూడు నెలలు ఊరంతా తిరిగితే దొరికిన ఉద్యోగమిది. టార్చి చూసి ఆయన పోలేదు. ఆయన పోయాడనే టార్చి పట్టాను. మీ అన్న దాన్ని తిరగేసి చెప్పాడు."

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఒక బస్సు డ్రైవరు మాత్రం ఏం జరుగుతోందో తెలియక హారన్ కొట్టాడు.

"బయట నిలబడ్డాడంటారే, ఎక్కడా నిలబడలేదు. పక్క ఊళ్లో ఇంకో ఇంట్లో సుబ్బరంగా కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు. నేను వెళ్లి చూశాను. తలుపు తీసింది ఆవిడ. ఆవిడకు నా సంగతి తెలియదు. అడ్రసు తప్పొచ్చానని చెప్పి తిరిగొచ్చాను. అయిపోయింది. జోకు ఇంతే." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు అనండి ఆ ముక్క. అందరూ కలిసి. మామను లోపలికి పిలవండి."

ఎవరూ అనలేదు. మూలనుంచి ఒక గొంతు "ఇంటర్..." అని మొదలెట్టి, పక్కనెవరూ అందుకోకపోవడంతో దగ్గుగా మారిపోయింది. ఫోన్లు ఒక్కొక్కటే ఆరాయి.

ప్రెసిడెంటు ముఖం కందగడ్డలా అయింది. "నాశనం చేశావు" అన్నాడు. "పదకొండేళ్ల జోకు. అన్న జోకులన్నిట్లోకీ గొప్ప జోకు. ఇక ఎవడు చెప్పగలడు దాన్ని? ఎవడు నవ్వగలడు?"

"ఎవడూ నవ్వలేడు" అంది.

"చచ్చినవాడి మీద ఇంత పగా? ఆడదానివేనా నువ్వు?"

"హాలు ఏడింటికి ఖాళీ చేయాలి. ఇంకా పాతిక నిమిషాలుంది. రావాలంటే రండి."

నలుగురో అయిదుగురో వచ్చారు. మిగతావాళ్లు గొణుక్కుంటూ, వెనక్కి తిరిగి ఉరిమి చూస్తూ చెదిరిపోయారు. పళ్లడాక్టరయితే రోడ్డు దాటేదాకా ఆమెను తిడుతూనే ఉన్నాడు. మంట మంటగా, ఒక్క చమత్కారం లేకుండా తిట్టాడు. ఆమె తలుపు పట్టుకుని అవన్నీ విన్నది. ఏ తిట్టుకీ తల దించుకోలేదు.

నోటిదూల భార్య చేతిసంచీ భుజానికి తగిలించుకుని బయటికొచ్చింది. మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది.

"ఆయన ఉండుంటే దీన్ని కూడా వచ్చేవారం షోలో చెప్పేవాడు."

"తెలుసు" అంది ఆమె. "అందుకే ఆయన ఉన్నన్నాళ్లూ నోరు తెరవలేదు."